నీళ్ళకు భయపడని కుక్కపిల్ల

మా పాత కుక్కకు పేరు లేదు. మా ఆయన దాన్ని "ఒరేయ్" అనేవారు, నేను "నాయనా" అనేదాన్ని. రెండింటికీ పలికేది. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను పిలిచిన పిలుపులన్నీ కలిపినా ఆ ఒక్క "ఒరేయ్" అంత మెత్తగా లేవని నేను దెప్పితే, అది పిలవగానే వస్తుంది మరి, అనేవారు.

మాది గుడివాడ. నాన్న బడిపంతులు. సుద్దపొడి తప్ప మట్టి అంటకుండా పెరిగిన నన్ను బందరులో ఇచ్చారు. బందరులో కుదురుగా ఉండనిచ్చారా అంటే అదీ లేదు. అందరూ రొయ్యల్లో బాగుపడుతున్నారని మా ఆయన కృత్తివెన్ను అవతల ఒక చెరువు కౌలుకు తీసుకుని, గట్టు పక్కనే రెండు గదుల ఇల్లు వేశారు. ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళ మధ్య గట్లు, కరెంటుతో తిరుగుతూ నీళ్ళను చిలికే చక్రాలు. అవి తిరిగితేనే నీళ్ళలో గాలి కలుస్తుంది, రొయ్య ఊపిరి పీలుస్తుంది. రాత్రీ పగలూ అదే చప్పుడు. మాట్లాడుకోవడానికి మా ఆయన, ఒక కాపలామనిషి, ఆ కుక్క. నిజం చెప్పాలంటే ముగ్గురిలో నా మాట శ్రద్ధగా విన్నది కుక్కే.

నీటికాకుల్ని, కొంగల్ని తరమడం దాని ఉద్యోగం. నీళ్ళంటే దానికి ప్రాణం. చక్రాలకు నాచు చుట్టుకున్నప్పుడు మా ఆయన లుంగీ ఎగగట్టి చెరువులోకి దిగేవారు కదా, ఆయన కాలు తడవకముందే అది దూకేయాలి. అదొక పంతం దానికి. ముందు దూకి, వెనక్కి తిరిగి, ఇంకా రావేం అన్నట్టు చూసేది.

కిందటి వానాకాలం ఒక రాత్రంతా గాలీ వానా కొట్టాయి. తెల్లారేసరికి చక్రాల నిండా నాచు. మా ఆయన చక్రాల స్విచ్చి ఆపి, ఎప్పటిలాగే గట్టు దిగబోయారు. ఎప్పటిలాగే కుక్క ముందు దూకింది. స్విచ్చి ఆపిన మాట నిజమే కానీ, గట్టు మీది బల్బుకు వెళ్ళే తీగ గాలికి తెగి నీళ్ళలో పడి ఉంది. అది ఎవరూ చూడలేదు.

ఒక్కసారి కుయ్యిమంది. నేను టీ గిన్నె పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. దాని గొంతు అలా రావడం అంతకు ముందెప్పుడూ వినలేదు. మా ఆయన వంగి దాని మెడ పట్టుకోబోతే, కాపలామనిషి వెనకనుంచి బనీను పట్టి లాగాడు. ఇద్దరూ బురదలో పడ్డారు. వాడు లేచి పరిగెత్తి మెయిన్ ఆపాడు. అప్పటికి కుక్క పక్కకు ఒరిగి, కాళ్ళు బిగుసుకుపోయి, అలలకు నెమ్మదిగా ఊగుతోంది. మా ఆయన బురదలో కూర్చుని దానివంక చూస్తూ ఉండిపోయారు.

గట్టు చివర ఆయనే గొయ్యి తీశారు. ఆయన ఏడవలేదు. నేను ఏడ్చాను, అన్నం మానేశాను, దాని గిన్నె కడగలేకపోయాను. చుట్టుపక్కల చెరువులవాళ్ళు వచ్చి పలకరించారు. అందరిదీ ఒకటే మాట. కుక్కతో పోయింది, మనిషి దక్కాడు, నీ పసుపుకుంకాలు ఆ మూగజీవం కాపాడిందమ్మా, అని. ఓదార్పుకే అన్నారు, కాదనను. కానీ ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. అది ఎవర్నీ కాపాడాలని దూకలేదు. నీళ్ళంటే ఇష్టమై దూకింది.

కాపలామనిషి ఆ సాయంత్రమే సంచి సర్దుకున్నాడు. తర్వాత ఎవర్ని పిలిచినా రాలేదు. ఆ చెరువులో కరెంటు ఉందట అని మాట పాకిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మేము ఎలక్ట్రీషియన్ని పిలిపించి తీగలన్నీ మార్పించాం. తేడా వస్తే దానంతటదే ఆగిపోయే ట్రిప్పరు పెట్టించాం. ఎలక్ట్రీషియన్ తనే పీకల్లోతు దిగి చూపించాడు. నీళ్ళలో పెట్టి చూసుకోమని టెస్టరు కూడా ఇచ్చి వెళ్ళాడు. టెస్టరు పాడైపోయి ఉంటే ఎలా తెలుస్తుంది, అన్నారు మా ఆయన. ఆ రోజూ స్విచ్చి ఆపే ఉంది కదా, అన్నారు.

ఆయన చెరువులో దిగడం మానేశారు. గట్టు మీద నిలబడి పొడుగాటి వెదురుకర్రతో నాచు లాగేవారు. అందినంత అందేది, మిగిలింది చక్రాలకే చుట్టుకునేది. రొయ్య సరిగా ఎదగలేదు. పంట మధ్యలో వదిలేసి పోవడానికీ లేదు. ఇంకో కుక్కను తెచ్చుకుందామండీ, కాస్త మనసు మళ్ళుతుంది అని నేను అన్నప్పుడల్లా లేచి అవతలికి వెళ్ళిపోయేవారు.

అలాంటి మనిషి ఒకరోజు అన్నం తింటూ, దివిసీమలో మా బావ వాళ్ళ కుక్క పిల్లలు పెట్టిందట, వెళ్దామా, అన్నారు. బావ అంటే ఆయన మేనత్త కొడుకు, నాకు అన్నయ్య వరస. మా ఆయన మళ్ళీ మనిషవుతున్నారనుకున్నాను. పాతవాడికి ద్రోహం చేస్తున్నామా అని ఒక మూల పీకుతున్నా, మర్నాడే చీర మార్చుకుని బయలుదేరాను.

బందరులో బస్సు మారాం. చల్లపల్లిలో దిగి, అవనిగడ్డ బస్సు వచ్చేలోగా ఆయన బిస్కెట్ల పొట్లం కొన్నారు. నాకేమో అనుకుని చెయ్యి చాపాను. కుక్కపిల్లలకట. చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వాం.

అన్నయ్యగారి పశువుల పాకలో, గడ్డి మీద, తల్లి పక్కన ఉన్నాయి పిల్లలు. ఒకటి వచ్చి నా పాదం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఇదే మనదండీ అన్నాను. ఆయన విననట్టే ఒక్కో పిల్లనూ ఎత్తుకుని ఇంటి వెనక కాలువ దగ్గరికి తీసుకెళ్ళి, ఒడ్డునే నీళ్ళలో వదిలి చూడసాగారు. నా పాదం మీద పడుకున్నది కీచుమని ఏడ్చి గట్టుకు కరుచుకుపోయింది.

"కుక్కను తీసుకెళ్తున్నావా, పడవను తీసుకెళ్తున్నావా బావా?" అన్నారు అన్నయ్యగారు.

అందరం నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు. చివరికి ఒక నల్లమచ్చల ఆడపిల్ల నీళ్ళలో పడగానే కాళ్ళు కొట్టుకుంటూ ఒడ్డుకొచ్చింది. ఒళ్ళు దులుపుకుంది. మళ్ళీ తనంతట తనే నీళ్ళలోకి నడిచింది. ఇది, అన్నారు మా ఆయన. ఆడదెందుకయ్యా, ముందు ముందు పిల్లలతో బాధ అని అన్నయ్యగారు చెప్పినా వినలేదు. పాతవాడిలాంటిదే కావాలని వెతుక్కుంటున్నారు పాపం అనుకుని నా కళ్ళు చెమ్మగిల్లాయి. తిరుగు బస్సులో అది నా ఒళ్ళో, చేతిసంచిలో పడుకుని వచ్చింది. దారిపొడుగునా దాని చెవిలో పాతవాడి సంగతులు చెప్తూనే ఉన్నాను.

ఆ మర్నాటి నుంచీ మా ఆయన చెరువులో దిగడం మొదలుపెట్టారు. పొద్దున్నే గట్టు మీదికెళ్ళి నీళ్ళలోకి బిస్కెట్టు ముక్క విసిరేవారు. కుక్కపిల్ల దూకేది, ముక్క అందుకుని తిరిగొచ్చేది. ఆయన దాని తల నిమిరి, అప్పుడు తను దిగేవారు. చూసి మురిసిపోయాను. గుడివాడలో మా అక్కకు ఫోన్ చేసి, ఒక కుక్కపిల్ల మీ మరిదిగారి భయాన్ని వదలగొట్టింది చూడు, అని గొప్పగా చెప్పాను. అంత తెలివైనదాన్ని నేను.

ఒకరోజు దానికి ఒళ్ళు బాగాలేదు. ముక్కు వేడిగా ఉంది. పాలు ముట్టలేదు. ఆయన బిస్కెట్టు ముక్క విసిరారు. అది కదల్లేదు. రెండో ముక్క విసిరారు. తోక ఊపింది కానీ లేవలేదు. అప్పుడు దాన్ని రెండు చేతులా ఎత్తి చెరువులో వేశారు. అది మునిగి, తేలి, నీళ్ళు మింగుతూ ఎలాగో గట్టుకు చేరింది. ఆయన దానివంక చూస్తున్న చూపు నాకు కనిపించింది. అది తేలుతోందా లేదా అని చూస్తున్నారు, అంతే.

నేను వెళ్ళి దాన్ని కొంగులో చుట్టి ఎత్తుకున్నాను. దానికి ఒంట్లో బాగాలేకపోతే నీళ్ళలో ఎందుకు వేశారండీ, అని అడిగాను. ఆయన నా మొహం చూడలేదు.

"ఆ రోజు వాడు ముందు దిగబట్టే కదా నేనున్నాను," అన్నారు. "ఇది దిగి వస్తేనే నేను దిగగలను. లేకపోతే నా కాళ్ళు రావట్లేదే."

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమని సామెత. మా ఆయన కుక్కను ముందుకు తోసి చెరువు ఈదుతున్నారు. ఆ మాట ఆయన మొహానే అన్నాను. ఇంకా చాలా అన్నాను. కాలువ దగ్గర అన్నయ్యగారి ముందు ఏం వెతికారో, నా చేత సంచిలో పెట్టించి ఏం మోయించారో అన్నీ అన్నాను. ఆయన క్రూరుడయితే నాకు తేలికగా ఉండేది. ఆ కుక్కపిల్లకు గోమార్లు తీసేది ఆయనే, పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టేది ఆయనే. ప్రేమ లేక కాదు తోసింది. ప్రేమ ఉండగానే తోశారు.

కుక్కపిల్లను ఇంట్లో పెట్టి తలుపు గొళ్ళెం వేశాను. ఆయన గట్టు మీదే నిలబడ్డారు. చక్రాలు నాచుకు బిగుసుకుని ఆగిపోయి ఉన్నాయి. ఎండెక్కింది. రొయ్యలు ఒకటొకటిగా ఒడ్డుకు చేరి పైకి తేలడం మొదలుపెట్టాయి. రొయ్య పైకి తేలిందంటే ఇక ఎంతోసేపు లేదని నాకూ తెలుసు. ఆయన ఒక పాదం నీళ్ళ దాకా తెచ్చేవారు, వెనక్కి తీసుకునేవారు. మళ్ళీ తెచ్చేవారు. వీపంతా చెమట. గుమ్మంలో నిలబడి చూస్తుంటే నా కోపం ఎటు పోయిందో తెలీదు. జాలేసింది. ఆ జాలి కోపం కన్నా ఎక్కువ బాధపెట్టింది.

చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని నేను చెరువులోకి దిగాను.

అడుగున బురద చల్లగా మెత్తగా ఉంది. నీళ్ళు నడుం దాకా, తర్వాత గుండెల దాకా వచ్చాయి. ఆయన కేకలు మొదలుపెట్టారు. రావే, పైకి రావే, నీకు దణ్ణం పెడతాను అంటూ గట్టు వెంబడి ఇటూ అటూ పరిగెత్తారు. ఆ కేకలు పక్క చెరువుల దాకా వినబడి ఉంటాయి. మనిషి మాత్రం గట్టు దిగలేదు. నేను చక్రం దగ్గర నిలబడి నాచు పీకుతూ ఆయన వస్తారేమోనని చూశాను. వస్తారని అనుకున్నాను కూడా. రాలేదు.

గట్టెక్కి, చూశారుగా, ఏమీ లేదు, అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, లుంగీ ఎగగట్టి దిగారు. మధ్యాహ్నానికి చక్రాలన్నీ తిరిగాయి.

మర్నాడు ఆయన కుక్కపిల్ల కోసం వస్తే, దాన్ని వదలండి, నేను దిగుతానన్నాను. వద్దన్నారు. అన్నారు కానీ దారికి అడ్డం నిలబడలేదు. ఆ తర్వాతి రోజు జాగ్రత్త అన్నారు. ఆ తర్వాత ఏమీ అనలేదు. ఆరిన తువ్వాలు ఒకటి భుజాన వేసుకుని నాతోపాటు గట్టు మీదికి రావడం అలవాటు చేసుకున్నారు.

ఆ పంట అయిపోయింది. ఇప్పుడు రెండో పంట. కుక్కపిల్ల బాగా ఎదిగింది. ఒడ్డున కూర్చుంటుంది. నేను దిగుతుంటే ఏడుపు మొదలుపెడుతుంది, వచ్చేదాకా ఆపదు. నాకూ భయమే. రోజూ మొదటి అడుగు వేసేటప్పుడు పిక్కలు తిమ్మిరెక్కుతాయి. గుడివాడ, మా అమ్మ, చిన్నప్పటి వీధి గుర్తొస్తాయి. ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. వానలు పడితే గట్టు జారుతుంది, ఎక్కడానికి ఆసరా కావాలి. మా ఆయన చెయ్యి అందిస్తారు. నా రెండు పాదాలూ నీళ్ళలోంచి బయటికి వచ్చాకే అందిస్తారు.