బెత్తెడు నేసేంతసేపు తగ్గిన నొప్పి

ధర్మవరంలో మగ్గం పట్టినవాళ్లలో మా బావ వెంకటరాముడిని ఎరగనివాళ్లు తక్కువ. ఆయన పోయారని హిందూపురంలో మా ఇంటి పక్క టెలిఫోన్ బూత్ వాళ్లు వచ్చి చెప్పినప్పుడు నేను పవర్‌లూమ్ షెడ్డుకు బయలుదేరుతున్నాను. చెప్పులతోనే అరుగు మీద కూలబడ్డాను. వస్తుందని తెలిసిన వార్తే అయినా మనసు ఒప్పుకోలేదు. సంతాపసభలో పెద్దలందరూ మాట్లాడారు. నన్ను పిలిచి, ముందు వరుసలో కూర్చోబెట్టి, ఆఖరికి మైకు ఇవ్వలేదు. అది అట్లా ఉండనీ. ఇచ్చినా ఈ సంగతి ఆ రోజు చెప్పగలిగేవాణ్ణి కాదు.

మా నాయన పోయాక నన్ను చేరదీసి మగ్గం నేర్పింది ఆయనే. ఒకసారి కొంగులో ఒక్క పోగు తప్పింది. షావుకారు కూడా కనిపెట్టలేదు. ఈయన మాత్రం జానెడు గుడ్డ విప్పి మళ్లీ నేశారు. ఎందుకు బావా అంటే, "చూసేవాళ్లకు కనపడకపోతే తప్పు కాకుండా పోతాదా?" అన్నారు.

గోడకు గడియారం ఉన్నా ఆయన కాలాన్ని గుడ్డతోనే కొలిచేవారు. అక్క అన్నానికి పిలిస్తే ఇంకా బెత్తెడు ఉందనేవారు. బెత్తెడంటే నాలుగు వేళ్ల వెడల్పు. ఆయన చేతికి ముప్పావు గంట పని. ధర్మవరం రైలు ఎంత ఆలస్యమో కూడా మాకు జానల్లోనే తెలిసేది.

ఆయనతో నాకు పేచీలు లేవని అబద్ధం రాయను. తొంభైల్లో నేను పవర్‌లూమ్‌కు పోతానన్నప్పుడు, మిషను కాడ కూర్చునేదానికా నీకు నేర్పిందని నలుగురిలో అన్నారు. నా పెళ్లిలో బట్టలు పెట్టేటప్పుడు నా పేరు ఆఖరున పిలిచారు. అవన్నీ నాకు గుర్తున్నాయి. అన్నిటికంటే పెనుకొండలో జరిగింది ఎక్కువ గుర్తుంది.

బావకు వెన్నులో గడ్డ లేచింది. బెంగళూరులో చూసి, ఇంక చేసేదేమీ లేదు, నొప్పి లేకుండా చూసుకోండని పంపించారు. పెనుకొండలో ఒక డాక్టరు నొప్పికి మాత్రలు రాసేవారు. బావా అక్కా ధర్మవరం నుంచి, నేను హిందూపురం నుంచి పోయి అక్కడ కలుసుకునేవాళ్లం. మొదటిసారి మా వెనక వచ్చినవాళ్లను ముందు లోపలికి పంపారు. నేను కాంపౌండరును నిలదీశాను. న్యాయం నాదే, ఇప్పటికీ అంటాను. బావ అందరి ముందూ నా మీదికే తిరిగారు.

"ఏమబ్బా, యాడికి పోయినా నీకు తగువేనా? ఈడ నువ్వు నోరు తెరవొద్దు."

బెంచీల మీదున్నవాళ్లు నవ్వారు. నాకప్పటికి నలభై దాటాయి.

మరుసటిసారి లోపల డాక్టరు, బావ, నేను. అక్క బయట కూర్చుంది. మాత్రలతో నొప్పి తగ్గుతోందా అని డాక్టరు అడిగారు. పెద్దవాళ్లకు లేదని చెప్పడం బావకు చేతకాదు.

"తగ్గుతాది సార్. బెత్తెడు నేసేంతసేపు బాగా తగ్గుతాది."

డాక్టరు మగ్గం ఎరగని ఊరివారు. బాగా తగ్గుతుందన్న మాట ఆయనకు చాలింది. పొద్దునొకటి, రాత్రొకటి, అవే మాత్రలు మళ్లీ రాశారు. పన్నెండు గంటలకు ఒక మాత్ర. అది పనిచేసేది ముప్పావు గంట. బావ కాక ఆ గదిలో అది తెలిసింది నా ఒక్కడికే. నోరు తెరవొద్దన్నారు కదా, అట్లాగే కానీ అనుకున్నాను. గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

బయటికి రాగానే అక్క నన్నే అడిగింది, డాక్టరుకు నొప్పి సంగతి చెప్పినారా అని. చెప్పినారన్నాను.

ఆ తర్వాత రెండు నెలలు అవే మాత్రలు. డాక్టరుకు తెలిసీ ఇంతకంటే మందు లేదేమో అనుకుంది అక్క. బావ తువ్వాలు పండ్ల మధ్య పెట్టుకుని పడుకునేవారట. చూడలేక ఒకరోజు ఆమే రెండు మాత్రలు కలిపి ఇస్తే వాంతులు పట్టుకున్నాయి. అప్పుడు హిందూపురం తీసుకొచ్చారు.

అక్కడి నర్సింగ్‌హోములో డాక్టరమ్మకూ బావ అదే మాట చెప్పారు. ఆమె నవ్వి, బెత్తెడంటే ఎంతసేపని అడిగింది. ముప్పావు గంటని నేను చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"రెండు నెలలు ఇట్లాగే ఓర్చుకున్నారా? మాత్ర పనిచేయకపోతే వచ్చి చెప్పాలి. ఎన్ని గంటలు తగ్గిందో, ఎప్పుడు మళ్లీ మొదలైందో చెప్పాలి. మీ అంతట మీరు ఎక్కువ మింగకూడదు. ఇది కాకపోతే ఇంకో మందు ఉంది."

మందు మార్చింది. నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి ఇవ్వమంది. మూడో రోజుకు బావ మా ఇంట్లో పొద్దెక్కేదాకా నిద్రపోయారు. లేచి, రాగిసంగటి అడిగి తిన్నారు.

"ఇంత సుళువు పనా అబ్బా ఇది?" అన్నారు.

అక్క పక్కన లేదు. నేను ఉండబట్టలేక చెప్పేశాను. నాకు ఆ రోజే తెలుసనీ, నోరు తెరవొద్దన్నారన్న పంతంతో డాక్టరుకు చెప్పలేదనీ. ఆయన సంగటి తిన్న చేయి కడుక్కున్నారు. తర్వాత కొంచెం నవ్వారు.

"నీకు ఎన్నిసార్లు మూసుకోమనింటాను? యాపొద్దన్నా మూసుకున్న్యావా? నువ్వు చెప్తావులే అనుకున్న్యా."

ఆ తర్వాత ధర్మవరం పోయి పదిహేను రోజులు బతికారు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

నేను ఎందరి మీదో అర్జీలు రాసినవాణ్ణి. ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆ మనిషికి రెండు నెలల నిద్ర దక్కేది. ఆయన నేసిన చీరలు ఎన్నో ఇళ్ల పెట్టెల్లో ఇంకా రంగు చెడకుండా ఉన్నాయి. అటువంటి చేయి, అటువంటి ఓర్పు ధర్మవరానికి మళ్లీ రావు. ఆ ఓర్పుకు అంత పరీక్ష పెట్టింది నేను. ఆయన పాదాలకు మొక్కి ఈ మాట ఒప్పుకుంటున్నాను.

ఇంట్లో ఎవరికైనా మాత్రతో నొప్పి తగ్గకపోతే డాక్టరుకు గంటలతో సహా చెప్పండి. వాళ్లు చెప్పకపోతే పక్కనున్నవాళ్లు చెప్పండి.

అక్కకు ఈ సంగతి ఇంతవరకు తెలియదు. ఆమెకు చదువు రాదు. ఇది అచ్చయిన పత్రిక రాగానే నేనే ధర్మవరం పోయి, ఒక్క మాట వదలకుండా చదివి వినిపిస్తాను. ఆ తర్వాత ఆ ఇంట్లో నన్ను అన్నానికి ఉండమంటుందో, పొమ్మంటుందో, అది ఆమె ఇష్టం.