కుర్చీలో కూర్చున్న ఈరన్న

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఎగతాళి చేయడంలో మా ఇంట్లో నేనే ముందుండేదాన్ని. ఇది విన్నాక నన్నెవరైనా అలాగే ఎగతాళి చేస్తే తప్పుపట్టను.

మైనింగ్ జోరుగా సాగుతున్న రోజులవి. బళ్లారిలో ఓ చిన్న లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో క్లర్కుగా ఉండేదాన్ని. పెద్ద కంపెనీల ఆర్డర్లు రావాలంటే వెబ్‌సైట్ కావాలని, అందులో సిబ్బంది ఫోటోలు దర్జాగా ఉండాలని మా ఓనరు పట్టుబట్టాడు. స్టూడియో నుంచి ఫోటోగ్రాఫర్‌ను పిలిపించాడు. గోడకు తెల్లగుడ్డ కట్టి, ముందు కుర్చీ వేశాం. అందరికీ కలిపి ఒకటే నల్లకోటు. ఒకరు విప్పితే ఇంకొకరు తొడుక్కోవడం.

డ్రైవర్లలో అందరికంటే పాతవాడు ఈరన్న. ముందురోజు రాత్రే యశ్వంతనగర్ గనికి ఇనుప ఖనిజం లోడు కోసం వెళ్లాడు. వస్తాడో రాడో అనుకుంటుండగా తలుపు తోసుకొని లోపలికొచ్చాడు. జుట్టు నిండా ఎర్రదుమ్ము. మా ఊళ్లో అదేం వింత కాదు కాబట్టి పట్టించుకోలేదు. కోటు నేనే అందించాను.

"ఈరన్నా, లారీ యాడ పెట్టినావు?" అన్నాను. కూర్చొని కెమెరా వైపే చూస్తున్నాడు. ఊపిరి కష్టంగా తీస్తున్నాడు.

"సొల్ప గడ్డం పైకెత్తప్పా... ఇంకొంచెం. ఆఁ, అట్లే ఉండు," అన్నాడు ఫోటోగ్రాఫర్.

ఇంతలో పక్కగదిలో ఫోను మోగితే వెళ్లి ఎత్తాను. గని దగ్గర నుంచి మా ఇంకో డ్రైవరు.

"సుజాతమ్మా, ఈరన్న లారీ బోల్తా పడినాది. తెల్లారకముందే పడిండాది. మనిషి లోపలే ఉండాడు, తవ్వుతాండాం."

"ఏం మాట్లాడుతాండావప్పా? ఈరన్న ఈడే ఉండాడు!"

ఫోను పక్కన పెట్టి ఇవతలికొచ్చాను. కుర్చీ ఖాళీ. కోటు దాని వీపుకు వేలాడుతోంది. ఫోటోగ్రాఫర్ వంగి వైర్లు చుట్టుకుంటున్నాడు. ఈరన్న బయటకు పోవడం తను చూడలేదన్నాడు. కెమెరాలో మాత్రం ఫోటో ఉంది.

మధ్యాహ్నమంతా ఫోను దగ్గరే కూర్చున్నాను. ప్రాణాలతో బయటికి తీశారని కబురొచ్చాకే లేచాను.

ఈరన్న కోలుకుంటున్నాడని తెలిసి ఆసుపత్రికి వెళ్లాను. ఫోటోగ్రాఫర్ కూడా వచ్చాడు. ఫోటో మాట మేమిద్దరమూ ఎత్తలేదు. ఈరన్నే చెప్పుకొచ్చాడు.

"అద్దం పగిలి లోడంతా మీదికి వచ్చేసినాది సుజాతమ్మా. నోటిదాకా వచ్చె. ఇంక నా పని అయిపోయినాది అనుకుంటాండా. ఎవరో మొగమనిషి, సొల్ప గడ్డం పైకెత్తప్పా అనె. ఎత్తినా. ఊపిరాడినాది."

ఫోటోగ్రాఫర్ అక్కడ నిలబడలేక వరండాలోకి వెళ్లిపోయాడు.

తర్వాత ఒకరోజు ఈరన్నకూ ఆయన భార్యకూ వెబ్‌సైట్ తెరిచి చూపించాను. ఈరన్న తన ఫోటో మీద వేలు పెట్టాడు. "ఈ కోటు నేనెప్పుడు ఏసుకొన్యా?" అన్నాడు. తీసేయమంటారా అని అడిగాను.

ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా, ఉండనీ. తీస్తే ఏమైతాదో ఏమో."

గనులు ఆగిపోయాక మా ఆఫీసూ మూతపడింది. వెబ్‌సైట్ మాత్రం మూతపడకుండా నేనే చూసుకుంటున్నాను. ఈరన్న బాగానే ఉన్నాడు. అయినా పొద్దున లేవగానే ఒకసారి ఆ పేజీ తెరిచి, ఆయన ఫోటో ఉందని చూసుకున్నాకే ఇంట్లో పని మొదలుపెడతాను. ఎందుకని మా ఆయన అడుగుతుంటాడు. నేను పేజీ మూసి పొయ్యి వెలిగిస్తాను.