దసలి పురుగుల మద్దిచెట్లు

మాదాపూర్‌లో కరెంటు తీగలకు తగులుతున్న కొమ్మలు కొట్టేసిన రోజున, ఆఫీసు క్యాబ్ అద్దం దించితే నలిగిన పచ్చి ఆకుల వాసన వస్తుంది. వెంటనే అద్దం మళ్లీ ఎక్కించేస్తాను.

ఈ అద్దాల మేడలున్న చోటే, రాతిగుట్టల నడుమ పారే వాగు ఒడ్డున మా చెలక ఉండేది. గట్టు వెంట ఏరుమద్ది చెట్లు. తొలి వానలు పడ్డాక వాటి మీద దసలి పట్టుపురుగులు పుట్టేవి. మొదట చీమలంత ఉండి, బోనాల పండుగ దాటి కొన్నాళ్లయ్యేసరికి బొటనవేలంత లావున, లేత ఆకుపచ్చగా, పక్కలకు వెండి చుక్కలతో నిగనిగలాడేవి. గాలి ఆగిన మధ్యాహ్నాల్లో అవి ఆకు కొరికే చప్పుడు సన్నటి వానలా వినిపించేది.

మా మేనత్త రాజమ్మ పెళ్లయిన ఏడాదికే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. ఇంట్లో ఆమె మాట ఎవరూ లెక్కచేసేవారు కాదు. ఆమెదంటూ ఏదైనా ఉంటే ఆ పురుగులే. కాకులు వాలకుండా పొద్దంతా చెట్ల కింద కూర్చునేది. బడి నుంచి నేరుగా అక్కడికి పోతే, కొంగులో దాచిన మక్కగారెలు నా చేతిలో పెట్టి, పట్టుగూట్లోంచి వచ్చే రెక్కల పురుగుకు నోరే ఉండదని, ఏమీ తినకుండానే గుడ్లు పెట్టి పోతుందని చెప్పేది.

నేను అయిదో తరగతిలో ఉండగా నాయినా, చిన్నాయినా కలిసి చెలక అమ్మేశారు. అత్తను ఎవరూ అడగలేదు. సరిగ్గా పురుగులు గూళ్లు కట్టే వేళకు కూలీలు రంపాలతో దిగారు. అత్త ఏడవలేదు. నాయిన దగ్గరికి వచ్చి మెల్లగా అన్నది:

"అన్నా, జర పురుగులు గూళ్లు కట్టుకునేదాక ఆగమను."

"ఇగ మన చేతుల లేదు చెల్లె. జాగ వాళ్లదైపోయింది" అన్నాడు నాయిన, ఆమె ముఖం చూడకుండా.

సాయంత్రానికి చెట్లన్నీ పడ్డాయి. అత్తా నేనూ కూలిన కొమ్మల్లో వెతికి, పురుగులున్న రెమ్మలను గంపల్లో ఇంటికి తెచ్చి నీళ్ల కుండల్లో గుచ్చాం. ఆకు వాడిపోయింది. మద్ది ఆకు కోసం అత్త కొండాపూర్ దాకా నడిచి వెళ్లి ఉత్త గంపతో వచ్చింది, అక్కడా కొట్టేశారట. వేప, చింత, జామ ఏది పెట్టినా పురుగులు తలెత్తి అటూ ఇటూ వెతికాయే తప్ప ముట్టలేదు. ఒక్కొక్కటే మెత్తబడి, వెనక కాళ్లతో పుల్లను పట్టుకుని, తలకిందులుగా వేలాడి నల్లబడ్డాయి. వినాయకచవితి మైకులతో వాడంతా హోరెత్తుతుంటే అత్త దొడ్లో గుంత తీసి వాటిని పూడ్చింది.

"ఇగ నాకేం పనున్నది బిడ్డా" అన్నది, చేతుల మట్టి దులుపుకుంటూ.

ఆ తర్వాత ఆమె తిండి తగ్గిపోయింది. దవాఖానలో రోగమేమీ లేదన్నారు. నేను ఇంటర్ చదువుతుండగా పోయింది.

మదీనాగూడలో మా అపార్టుమెంటు ముందు నేను నాటిన ఏరుమద్ది మూడో అంతస్తు దాటింది. "ఎంత శుభ్రమైన చెట్టండీ, పురుగూ పుట్రా లేదు" అని పక్కింటావిడ మెచ్చుకుంటుంది. నేను తలూపుతాను. శ్రావణం రాగానే కిందికి వంగిన కొమ్మలు పట్టుకుని ఆకులు తిప్పితిప్పి చూస్తాను. ఒక్క ఆకుకూ చిల్లు ఉండదు.