మూడో మంచానికి రాని రిజల్ట్

జూన్, రెండో మంగళవారం, ఉదయం పది గంటలు. ఆసుపత్రి ఎమర్జెన్సీ. ఉన్నవారు: మూడో మంచం మీద నా భార్య, తలగడ పక్కన కోడలు, గుంటూరు వైపు నుంచి వచ్చిన డ్యూటీ డాక్టరమ్మ, ఒక నర్సు, డైరీతో నేను.

ఆ రోజు డైరీలో ఉన్నది ఇంతే. మిగతాది తర్వాత రాసుకున్నాను.

పొద్దున పెరంబూరులో మా ఇంట్లో నా భార్య పక్క మీద నుంచి లేవలేకపోయింది. కాళ్లలో సత్తువ లేదంది. ఆటోలో తీసుకొచ్చాం. నాడి బాగా నెమ్మదించిందని డాక్టరమ్మ చెప్పింది.

"పొటాషియం పెరిగిందేమోనని నా అనుమానం తాతగారూ. రిజల్ట్ చూస్తేగానీ మందు ఎక్కించలేను. ల్యాబులో తేలగానే నా ఫోన్‌లోకే వచ్చేస్తుంది. కాగితం కోసం మీరు తిరగక్కర్లేదు."

రక్తం తీసింది పది ఇరవైకి. నాలుగో మంచం ఆయనకు మా తర్వాత తీశారు. పదకొండుకల్లా ఆయన రిజల్ట్ వచ్చింది, ఆయన్ను వార్డుకు మార్చారు. మాది రాలేదు.

"తాతా, ఉక్కారుంగో. వరుమ్, వరుమ్," అంది నర్సు, కుర్చీ చూపిస్తూ. వస్తుంది, కూర్చోమని. నేను కూర్చోలేదు.

"మామా, ఆడ నిలబడితే అందరికీ అడ్డం. ఈడికి రాండి," అంది కోడలు.

"ఆ మనిషి కూర్చునే రకం కాదులేమ్మా," కళ్లు మూసుకునే అంది నా భార్య. "పెళ్లిపీటల మీద గూడా గడియారం చూసుకుంటా ఉన్న్యాడు."

మాట ఎగతాళిదే. గొంతులో మాత్రం బలం లేదు. నేరుగా ల్యాబు కిటికీ దగ్గరికి వెళ్లాను. పది యాభైకే పంపేశామన్నాడు లోపలి మనిషి. ఇతను పంపాడు, ఆమెకు అందలేదు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు.

రైలు పెట్టెల కర్మాగారంలో స్టోర్సు చూసినవాణ్ని. ఒకే సామానుకు రెండు కార్డులు పుడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక కార్డు సామాను లేదంటుంది. రెండో కార్డు కింద అది అరలోనే పడి ఉంటుంది.

ఈ తమిళ ఊరి పద్ధతిలో ఆడవాళ్ల పేరు ముందు భర్త పేరులోని మొదటి అక్షరం పెడతారు. ఆసుపత్రి పాత కార్డులో నా భార్యకు అదే ఉంది. ఆధార్‌లో ఉన్నది మా ఇంటిపేరు అక్షరం. పొద్దున కంగారులో కోడలు కౌంటర్లో ఆధార్ చూపించింది, ల్యాబుకు వెళ్లింది ఆ పేరే. నేను డాక్టరమ్మకు పాత కార్డు ఇచ్చాను.

తిరిగి వస్తుంటే తలుపు దగ్గర సెక్యూరిటీ చెయ్యి అడ్డం పెట్టాడు. తప్పించుకుని లోపలికి నడిచాను.

"అమ్మా, నీ ఫోన్‌లో నా భార్య ఇద్దరుగా ఉంది. ఇంటిపేరుతో చూడు."

"తాతగారూ, అవతల పేషెంట్లు..."

"నువ్వు చూసేదాకా ఈడ నుంచి కదలను. ఎవర్ని పిలుచుకుంటావో పిలుచుకో."

ఆమె విసుగ్గానే ఫోన్ తీసింది. వెతికింది. మొహం మారిపోయింది. "పొటాషియం బాగా పెరిగింది. సిస్టర్, క్యాల్షియం ఇంజెక్షన్! వెంటనే!"

అప్పుడు పదకొండు ముప్ఫై నాలుగు. ఆ ఫోన్ మీద నాకు కోపం లేదు. కాగితం పట్టుకుని మెట్లెక్కి దిగిన రోజులు నాకు గుర్తున్నాయి, అవేమీ గొప్పవి కావు. కానీ తేలిన రిజల్ట్ నలభై నాలుగు నిమిషాలు ఎవరి కంటా పడలేదు. ఈ పెద్దాయన నోరు మూసుకుని ఉంటే ఇంకెంతసేపు పడి ఉండేదో ఎవరైనా చెప్పమనండి.

మర్నాడు ఉదయం పొటాషియం దిగింది. నా భార్య లేచి కూర్చుని వార్డు ఇడ్లీకి వంకలు పెడుతోంది. కౌంటరు గుమాస్తా వచ్చి రెండు పేర్లూ ఒకటిగా కలిపేశామన్నాడు. టైములన్నీ వేసి రాసిన ఫిర్యాదు అతని చేతిలో పెట్టాను.

"అంతా సరిపోయింది గదా సార్, ఇదెందుకు?"

"నిన్న ఇంకెవరికి ఇట్టా జరిగిందో నీకు తెలుసా?"

"తెలీదు సార్."

"అందుకే. ముద్ర వెయ్యి."

డ్యూటీ దిగి వెళ్తున్న డాక్టరమ్మ ఆగి, ఆ కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. గుమాస్తాను పెన్ను అడిగి, నా సంతకం కింద తన సంతకం కూడా పెట్టింది.