ఉప్పు అంగడిలో చప్పటి రసం

మా దుకాణం గద్దె మీద కూర్చున్నవాళ్ళు వెనక్కి ఆనరు. వెనక బాలీసు ఉంటుంది, అది అందానికి. మా తాత ఆనలేదు, నాన్న ఆనలేదు, నేనూ ఆనను. అందుకే ఒక సంత రోజు మధ్యాహ్నం నేను ఆ బాలీసు మీదికి ఒరిగిపోతే, దోర్నపాల్ బజారులో సగం మంది చూశారు. మిగతా సగానికి వాళ్ళు చెప్పారు.

కళ్ళు తిరిగాయి, అంతే. ఆసుపత్రిలో డాక్టరు నా చేతికి పట్టీ చుట్టి చూశాడు. నమ్మకం కుదరక మళ్ళీ చుట్టాడు.

"బీపీ చాలా ఎక్కువగా ఉంది అమ్మాజీ. రోజూ మాత్ర వేసుకోవాలి. నమక్ బంద్. కూరలో చిటికెడు, అంతే."

నాకు నవ్వొచ్చింది. మా ఇల్లు లేచిందే ఉప్పు మీద.

బాసగూడలో మా తాతకు ఉప్పు గోదాములుండేవి. అడవి నుంచి సారపప్పు, చింతపండు, ఇప్పపువ్వు వచ్చేవి, మా దగ్గరి నుంచి ఉప్పు వెళ్ళేది. చవకైన ఉప్పుకు ఖరీదైన సారపప్పు సరితూకం తీసుకున్న ఇళ్ళలో మాదీ ఒకటని ఇప్పటికీ అంటారు. అననీ. నేను ఏనాడూ కాదనలేదు. కానీ అనేవాళ్ళు రెండో మాట కూడా చెప్పాలి. ఉప్పులో తెల్ల ఇసుక కలిపే షావుకార్లున్న రోజుల్లో మా తాత కలపలేదు. కలపలేదని చూపడానికి కొనేవాళ్ళ కళ్ళముందే బస్తాలోంచి నాలుగు గళ్ళు తీసి తన నాలుక మీద వేసుకుని, ఆ తర్వాతే తూచేవాడు.

అడవిలో పోరు ముదిరి ఊళ్ళు ఖాళీ అయి బాసగూడ చెదిరిన ఏళ్ళలో గోదాములు పోయాయి, లారీలు పోయాయి. ఇక్కడ దోర్నపాల్‌లో ఒక్క షట్టరు దుకాణం మిగిలింది. రేషన్‌లో ప్యాకెట్ ఉప్పు వస్తున్నా, ఎండుచేపలకూ పచ్చళ్ళకూ పశువులకూ జనం గళ్ళుప్పు కోసం మా దగ్గరికే వస్తారు. నాన్న పోయాక గద్దె మీద నేను కూర్చున్నాను. నేను పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడికి అప్పట్లో ఉప్పు వ్యాపారమంటే నామోషీ.

ఇప్పుడు వాడికి ఆ దుకాణం కావాలి, ఉప్పు అక్కరలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే టేపు పట్టుకొచ్చి గోడ కొలవడం మొదలుపెట్టాడు.

"ఏంది రా అది?"

"ఫ్రిజ్ పెడదామని అక్కా. కూల్‌డ్రింకులు. నువ్వు ఇంట్ల కూసో, హాయిగ టీవీ చూస్కో."

"నేనేమన్నా చచ్చిన్నా?"

"బజార్ల పడ్డవ్ గదా."

ఆ మాట పట్టుకుంది నన్ను. పడలేదు, ఒరిగాను. రెంటికీ తేడా ఉంది. వచ్చే నెల డాక్టరు చూసేసరికి బీపీ దిగకపోతే నేనే గద్దె దిగుతాను, అప్పటిదాకా టేపు జేబులో పెట్టుకో అన్నాను. మా ఇంట్లో మాటంటే మాటే.

కూరగాయల రసం సంగతి మరదలు తెచ్చింది. ఫోన్‌లో చూసిందట. దాని మాట నమ్మకుండా డాక్టరునే అడిగాను. తాగండి మంచిదే, ఉప్పు వేయకండి, రసం తాగుతున్నానని మాత్ర ఆపకండి అన్నాడు. అప్పటినుంచి ఉదయాన్నే సొరకాయ, కీరదోసకాయ, పుదీనా మిక్సీలో వేసేది మరదలు. బీట్‌రూట్ దొరికిన నాడు అదీ. సొరకాయ కోయగానే ముందు తనే ఒక ముక్క కొరికేది.

"చేదుంటే తాగొద్దంట వదినా, ప్రాణం మీదికొస్తదంట."

"నువ్వు చచ్చి నన్ను బతికిస్తవా?"

"నేను ఊసేస్తున్న గదా. మీరైతే చేదున్నా పరువు కోసం మింగేస్తరు."

అది నిజమే.

రసం ఇంట్లో చాటుగా తాగమని తమ్ముడన్నాడు. ఎందుకు తాగాలి? మా ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క వెండి గ్లాసులో పోయించుకుని, గద్దె మీద నిటారుగా కూర్చుని, బజారు చూస్తుండగా తాగేదాన్ని. మొదటి గుక్కలోనే దాని రుచి తెలిసిపోయింది. పచ్చి వాసన, నీళ్ళల్లో గడ్డి నానబెట్టినట్టు. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. తాత కాలం నుంచి మా దగ్గరే కొనే ఒక దోర్ల తెగ ముసలమ్మ ఆగి మరీ చూసింది.

"ఓ షావుకారమ్మా, మేకలకేసేది నువ్వు తాగుతున్నవేంది?"

"మేకలకు బీపీ లేదు గదా, చూడు."

నెల తిరిగింది. అన్నంలో ఉప్పు లేదు, పచ్చడి లేదు, అప్పడం లేదు. మాత్ర ఒక్క పూట తప్పలేదు. డాక్టరు పట్టీ విప్పి తల అడ్డంగా ఊపాడు. బీపీ అక్కడే ఉంది. ఎక్కడో ఉప్పు తింటున్నారు అమ్మాజీ అన్నాడు. నన్ను అబద్ధాలకోరును చేశాడని కోపంతో లేచి వచ్చేశాను.

తమ్ముడు టేపు బయటికి తీశాడు.

"ఈ సంత కానీ. సాయంత్రం దిగుతా" అన్నాను.

రోజూ రసం నేనే వెంట తెచ్చుకునేదాన్ని, ఆ సంత రోజు పొద్దున మాత్రం కరెంటు లేదు. కరెంటు వచ్చాక మరదలు రసం తీసి, వెండి గ్లాసు కొంగు చాటున పెట్టుకుని దుకాణానికే తెచ్చింది. జనం కిక్కిరిసి ఉన్నారు. నేను అలవాటుగా నాలుగు గళ్ళు నాలుక మీద వేసుకున్నాను, తూచాను. ఇంకొకరు వచ్చారు, మళ్ళీ వేసుకున్నాను, తూచాను. మరదలు గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"వదినా, నోట్లో ఏమేసుకున్నరు?"

"ఏమేసుకున్నా? ఉప్పు."

"అందరికీ వేసుకుంటరా?"

"కొనేవాళ్ళందరికీ. ఎందుకు?"

అడుగుతూనే నాకు అర్థమైంది. నేను దాన్ని తినడమని ఎన్నడూ అనుకోలేదు. అది తూకంలో భాగం. త్రాసు పట్టుకున్నట్టే.

తమ్ముడు పక్కనే ఉన్నాడు. "ఇంక ఆ నాటకం మానెయ్యి అక్కా, ప్యాకెట్లమ్ముదాం" అన్నాడు.

గద్దె మీద ఇంకొంచెం నిటారుగా అయ్యాను. "తాత నాలుక మీద పెట్టిన మాట ఇది. నేను మాననియ్యను. గద్దె కావాలన్నవ్ గదా, రా. ముందు ఈ ఉప్పు వేస్కో. సాయంత్రం దాకా చెయ్యి, గద్దె నీదే. చెయ్యలేకపోతే డాక్టరు మళ్ళీ చూసేదాకా నోరు మూస్కో."

బజారు మొత్తం విన్నది. వాడిదీ మా తాత రక్తమే, వెనక్కి తగ్గలేదు. బస్తా పక్కన నిలబడి ఒక్కొక్కరి ముందు ఉప్పు నాలుక మీద వేసుకోవడం మొదలుపెట్టాడు. నేను తూచాను. ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి వాడి పెదవులు పాలిపోయాయి. ముసలమ్మ తన వంతు వచ్చినప్పుడు వాడి మొహంలోకి వంగి చూసింది.

"ఉప్పుల ఇసుక కలిపిన్రా ఏంది? అట్ల పెడ్తున్నవ్ మొహం."

"లేదమ్మా, ఉప్పే" అన్నాడు వాడు. ఆ పూట వాడు మళ్ళీ ఉప్పు ముట్టలేదు, పందెం ఓడాడు. ఫ్రిజ్ మాటా ఎత్తలేదు.

అప్పటినుంచి రుచి చూసే పనికి ఇంట్లో బీపీ లేనివాళ్ళు వంతులు వేసుకున్నారు, మరదలు కూడా. తర్వాత చూపించుకున్నప్పుడు బీపీ కొంత దిగింది. మాత్ర పనిచేసిందన్నాడు డాక్టరు, రసం అంది మరదలు. కొట్టుకోనీ. గద్దె మీద నేనున్నాను.

ఆ మధ్యాహ్నం మాత్రం ఇంకొకటి జరిగింది. ముసలమ్మ వెళ్ళగానే తమ్ముడు దాహానికి ఆగలేక మరదలు నా పక్కన గద్దె మీద పెట్టిన వెండి గ్లాసు లాక్కుని గటగటా తాగాడు. తాగి నా వైపు తిరిగాడు.

"ఇందుల ఉప్పు లేదేంది అక్కా?"

"లేదు. గ్లాసు ఇటివ్వు" అన్నాను.