నాలుగు తీగలూ ఒకేసారి

మేస్త్రి చదువు ఊరి బడిలో ఐదో తరగతితోనే ఆగిపోయింది. అయితేనేం, వయొలిన్ల మరమ్మతులో ఆయన మాటకు తిరుగు లేదు. మెడ విరిగి వచ్చినవాటిని అతుకు కనబడకుండా నిలబెట్టాడు. పేరున్న విద్వాంసులు గుమ్మంలో నిలబడి, "మీరే చూడాలి" అని బతిమాలుకున్నారు. ఈ గొప్పలన్నీ ఆయనే చెప్పేవాడు, అడిగినా అడక్కపోయినా. భార్య పోయాక కూడా చెప్పడం మానలేదు. కాకపోతే ఇంకెవరివో ముచ్చట్లు ఒప్పజెబుతున్నట్టుండేది. ఆయనకు ఏడుపు రాలేదు. పెట్టింది తినేవాడు, పడుకుంటే నిద్ర పట్టేది. కాలు తిమ్మిరెక్కినట్టు మనిషంతా తిమ్మిరెక్కి ఉండిపోయాడు.

ఆ పొద్దున మరదలు వచ్చి, గోడకున్న వయోలా వైపు చెయ్యి చూపించింది. వయోలా అంటే వయొలిన్‌కి అక్క వరస. కాస్త పెద్దది, గొంతు కింది స్థాయిది. దాన్ని ఆయన భార్య ఊళ్లోని వాద్యబృందంలో ఏళ్ల తరబడి వాయించింది.

"అక్క కుర్చీలో నన్ను కూర్చోమన్నారు బావా. ఆదివారమే కచేరీ. ఆ పేగు తీగలతో నా వల్ల కాదు. గాలి కాస్త తేమగా ఉంటే చాలు, శ్రుతి జారిపోతుంది. అక్కకైతే ఓపిక ఉండేది. నాకా..."

"నీకు పుట్టుకతోనే లేదు."

"అదిగో, నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది!"

ఆయన వయోలా దింపి బల్ల మీద పెట్టాడు. ఇంట్లో భార్య గొంతంటూ మిగిలి ఉంటే ఆ వయోలా చెక్కపెట్టెలోనే మిగిలింది. తీగలు మారిస్తే అది ఉంటుందో పోతుందో తెలియదు. ఆ సంగతి ఆయనకు తట్టింది. తట్టినా గుండెలో ఏమీ కదల్లేదు.

సొరుగులోంచి సింథటిక్ తీగల పొట్లాలు తీశాడు. లోపల నైలాన్ పోగులు, పైన సన్నటి లోహం చుట్టు. గొర్రె పేగుతో చేసే పాత తీగల్లా మెత్తగా పలుకుతాయి, వాటిలా వాతావరణానికి అలగవు.

"గట్టివి వెయ్యి బావా. ఆ బాకాల వాళ్ల మధ్య నా పాట నాకే వినబడదు."

"దీని పొట్ట పలచన. గట్టి తీగ బిగిస్తే గొంతు నొక్కినట్టవుతుంది. నడిరకం చాలు. తక్కువైనచోట నువ్వు అరుచుకో."

"అరుస్తాలే, నీ మరదల్ని కదా!"

ఒక తీగ విప్పి, దాని చోట కొత్తది బిగించి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్లాలి. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లందరికీ ఆయన మొట్టమొదట చెప్పే మాట అది. నాలుగూ ఒకేసారి విప్పినవాణ్ణి బల్ల దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అలాంటిది ఆ రోజు ఆయన చేతులు ఒక బిరడా తర్వాత ఇంకో బిరడా తిప్పుకుంటూ పోయాయి. నాలుగో తీగ వదులయ్యేసరికి, తీగల్ని పైకెత్తి పట్టే చెక్క బ్రిడ్జి పక్కకు ఒరిగింది. పెట్టె లోపల టక్కుమంది.

మరదలు నోరు తెరిచింది. "బావా, ఏంటది?"

"పుల్ల పడింది."

బ్రిడ్జి కాలు దగ్గర, పెట్టె లోపల నిలబెట్టే చిన్న కర్రపుల్ల అది. తీగల బిగువుకే నిలబడుతుంది. గొంతంతా దాని చోటులో ఉంటుంది. తను నిలబెట్టిన పుల్ల ఎన్నడూ పడలేదని ఆయన చెప్పని మనిషి లేడు.

"పోనీ, మళ్లీ అక్కడే పెట్టెయ్."

"ఎక్కడ? గుర్తు పెట్టలేదు. మీ అక్క వాయిస్తూ, కాస్త ఇటు, వెంట్రుకవాసి అటు అని చెప్పేది. నేను జరిపేవాణ్ణి."

ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు అంతవరకు. అని, వంకర ఇనపచువ్వ అందుకున్నాడు. పుల్లను దాని కొనకు గుచ్చి, పక్కరంధ్రంలోంచి లోపలికి దించి, అంచనా మీద నిలబెట్టాడు. బ్రిడ్జిని సరిచేసి, తీగలు జారేలా దాని గాళ్లలో పెన్సిల్ ముక్కు రుద్ది, కొత్త తీగలు ఒక్కొక్కటే ఎక్కించాడు. బిగిస్తున్నకొద్దీ బ్రిడ్జి ముందుకు వంగుతుంటే వేళ్లతో వెనక్కి నెట్టాడు.

మరదలు కమాను వేసింది. "ఎలా ఉంది?"

"ఏమో. నువ్వే చెప్పు."

"నేనేం చెప్పను? దీన్ని నేనెప్పుడు వాయించాను గనక! ఇన్నేళ్లు విన్నవాడివి నువ్వు. కళ్లు మూసుకుని ఒక్క నిమిషం విను, నీ గొప్పలు తర్వాత చెబుదువుగాని."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఇంట్లో అన్నాళ్లుగా దేన్నీ వినలేదని అప్పుడు తెలిసింది. కింది తీగ డొల్లగా మోగుతోంది.

"ఆపు." తీగలు కాస్త వదులుచేసి, పుల్లను బ్రిడ్జి వైపు నెట్టాడు. ఈసారి మరీ బిరుసుగా వచ్చింది. మళ్లీ కొంచెం వెనక్కి. ఆమె వాయిస్తూనే ఉంది. ఆయన జరుపుతూనే ఉన్నాడు. చాలాసేపటికి కింది తీగ గదంతా నిండింది.

"వచ్చిందా బావా? అక్క గొంతు?"

"లేదు."

ఆమె కమాను దించేసింది.

"ఇది వేరే గొంతు. బాగుంది. దీన్నిక కదపను."

పాత పేగు తీగల్ని చుట్టచుట్టి, కొత్తవాటి ఖాళీ పొట్లాల్లో పెట్టి సొరుగులో వేశాడు. మరదలు వయోలాను దాని సంచిలో పెట్టుకుంది. ఆమె గుమ్మం దాటుతుంటే ఆయన వెనకనుంచి కేకేశాడు.

"కొత్త తీగలు సాగుతాయి. పూటపూటా శ్రుతి చూసుకో."

"నువ్వే వచ్చి చూడరాదూ? ముందు వరసలో కుర్చీ వేయిస్తా."

భార్య పోయాక ఆయన ఒక్క కచేరీకీ వెళ్లలేదు. కాసేపు బల్ల మీది రజను చేత్తో ఊడ్చాడు.

"ముందు వద్దు. వెనక, గోడ పక్కన వేయించు. కింది తీగ అక్కడే బాగా వినబడుతుంది."