చెత్తబుట్టలో దాచిన గొంతు

2023 వేసవి. తిరుపతిలో బస్టాండు వెనక సందులో నా కంప్యూటర్ రిపేరు దుకాణం. వడమాలపేట దగ్గరి పల్లె నుంచి అరవై ఏళ్ల రైతు ఒకాయన సిపియును తువ్వాలులో చుట్టి, చంకన పెట్టుకొని వచ్చాడు. దాన్ని టేబుల్ మీద దించకుండానే దుకాణమంతా కలయజూశాడు.

"మగోళ్లెవురూ లేరా పాపా?"

"పన్నెండేండ్లుగా ఈడ నేనే చేస్తా ఉండా. నమ్మకం లేకుంటే తీసకపో పెద్దాయనా" అన్నాను. నాకు ముక్కు మీదే కోపం. ఆయన పోలేదు. స్టూలు లాక్కొని నా మోచేతి పక్కనే కూర్చున్నాడు.

జబ్బు మామూలుదే. సి డ్రైవు, అంటే విండోస్ ఉండే భాగం, నిండిపోయి ఎర్రగీత చూపిస్తోంది. మిషను తెరుచుకోవడానికే పావుగంట పట్టింది.

"మా తమ్ముని కొడుకు తానే ఖాళీ చేసిస్తానన్నాడు. వాని చేతికి ఇయ్యకూడదనే మోసుకొచ్చినా. నువ్వు జాగా చెయ్యి, అంతే. ఏదీ తెరవొద్దు, ఏదీ సూడొద్దు" అన్నాడు.

ఏదీ చూడొద్దనే మనిషి మీద మాకు అనుమానమే. చూడకూడని బొమ్మలేవో పెట్టుకొని ఉంటాడు, ఈ వయసులో ఇదేం బుద్ధి అనుకున్నాను. ఆయనేమో నేను పెన్ డ్రైవులోకి ఏం లాగేస్తానో అని నా వేళ్ల వైపే చూస్తున్నాడు.

జాగా కావాలంటే మేం మొదట చేసేది రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం. డిలీట్ చేసినవన్నీ పడి ఉండే చెత్తబుట్ట అది. ఇల్లు ఊడ్చేవాళ్లు చెత్త ఎత్తడానికి ఎవరినైనా అడుగుతారా? నేనూ అడగలేదు. ఖాళీ చేసి, "ఇరవై జీబీ వచ్చింది, సూడు" అన్నాను.

"యాడ నుంచి?"

"చెత్తబుట్టలో నుంచి."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆడే కదమ్మా నేను పెట్టుకునింది."

వెంటనే ప్లగ్గు పీకేశాను. తమ్ముడి కొడుకు హాల్ టికెట్ల కోసమని వచ్చి ఫోల్డర్లన్నీ కెలుకుతాడట. చెత్తలో ఎవరూ చెయ్యి పెట్టరని మూడేళ్ల కిందట ఈయనే అందులో పడేశాడట.

"ఏముండాది అందులో?"

"మా నాయన వీడియో. సచ్చిపోయే ముందర మాట్లాడింది. ఇంగ యాడా లేదు."

బొమ్మలనుకున్నందుకు సిగ్గేసింది.

బుట్ట ఖాళీ చేసినంత మాత్రాన ఫైలు చెరిగిపోదు. పాత హార్డ్ డిస్కులో, ఆ చోట కొత్తదేదైనా రాసేదాకా అలాగే ఉంటుంది. ప్లగ్గు పీకింది అందుకే. డిస్కు ఊడదీసి నా మిషనుకు తగిలించి, పోయిన ఫైళ్లను వెతికే రికవరీ సాఫ్ట్‌వేరు పెట్టాను. మూడు గంటలు పట్టింది. ఆయన టీ కూడా ముట్టలేదు. నేను తలుచుకోని దేవుడు లేడు.

చివరికి దొరికింది. బాగుందో లేదో తెరిచి చూడాలన్నాను. ఆయన తెర మీద తువ్వాలు కప్పాడు. "ఇంటే సాలు."

దగ్గుతూ ఒక ముసలి గొంతు వినిపించింది. "పెద్దోడా, పొలం కయ్యంతా నీకే ఇచ్చినా. బోరు మాత్రం సిన్నోనిది. వానికి ఇడిసిపెట్టు."

ఆయన తల దించుకున్నాడు. నా నోరు ఊరుకోదు కదా, "ఆ బోరు ఇప్పుడెవురి చేతిలో ఉండాది?" అని అడిగేశాను.

"నా సేతిలోనే."

"మరి ఇన్నాళ్లూ దీన్ని చెరిపేయలేదేం?"

"నాయన గొంతు పాపా. సెరిపేదానికి సెయ్యి రాలేదు. బయటపెట్టేదానికీ రాలేదు."

నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది. "మళ్లా చెత్తబుట్టలోనే పెట్టమంటావా?" అన్నాను.

ఆయన తెర మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "ఈ మూడు గంటలూ నాయన రెండోసారి పోయినట్టే ఉన్నింది. ఎదురుగా పెట్టు, తెరవంగానే కనపడేటట్టు. రేపు వాన్ని రమ్మంటా."

"తమ్ముని కొడుకునా?"

"తమ్ముణ్ని."

ఆనాటి నుంచి అడక్కుండా నేను ఎవరి చెత్తబుట్టా ఖాళీ చేయలేదు. "ఇందులో ఏమన్నా దాచుకున్నారా?" అంటే చాలామంది నవ్వుతారు. నవ్వనివాళ్లు వస్తే మాత్రం మౌస్ మీది నుంచి చెయ్యి తీసేస్తాను.